మా ఊరి గాంధారం

రేవు ఊరు, మూడో అంతస్తు
వానలకి ముందు

కోడలు పిల్లకి మావయ్య దీవెనలు.

బళ్ళో, పాటల గదిలో నా కుర్చీలో కూర్చున్నావని తెలిసింది. సంతోషం. దానికి ఎడమ కాలు పొట్టి. కాస్త కుడివైపు ఒరిగి కూర్చో, లేకపోతే మొదటి రోజే పిల్లలు నీకు ‘ఉయ్యాల టీచరు’ అని పేరు పెట్టేస్తారు. నాకు వాళ్ళు పెట్టిన పేర్లు చెప్పాలంటే ఇంకో ఉత్తరం కావాలి. అందులో సగం నీకు చెప్పదగ్గవి కావు.

మేమిక్కడ కుదురుకున్నాం. ‘ఇన్నేళ్ళు మీ ఊళ్ళో ఉన్నాను, మిగిలినవి మా ఊళ్ళో’ అంది మీ అత్తయ్య. న్యాయమైన మాట, కాదనలేకపోయాను. ఆమె పుట్టిన ఊరు కదా, వీధిలో ప్రతి రెండో మనిషీ ఆమెని చిన్నప్పటి పేరుతో పిలుస్తున్నారు. నన్ను ‘ఆవిడగారి భర్త’ అంటున్నారు. ఊరంతా ‘పాట మాస్టారూ’ అని పిలిపించుకున్నవాణ్ణి, ఇప్పుడు ఒకరి తాలూకు మనిషినయ్యాను.

ఈ ఊళ్ళో పొగమంచు తలుపు తట్టి రాదు. పిలవని చుట్టంలా తెల్లారేసరికి గదిలో ఉంటుంది. కిటికీ తెరిస్తే సముద్రం కనబడదు, దాని ఊపిరి మాత్రం వినబడుతుంది. ఎక్కడో ఒక పడవ మూలుగుతుంది. మంచంలో పడుకుని అది ఏ స్వరమా అని లెక్కకడుతుంటాను. మన పెట్టెలో లేని స్వరం, రెండు మెట్ల మధ్య సందులోది.

పెట్టె అంటే గుర్తొచ్చింది. నా హార్మోనియం జాగ్రత్త. వాన జల్లు పడే కిటికీ దగ్గర పెట్టకు. దాన్ని ఎవరినీ విప్పనివ్వకు. శ్రుతి మార్చకు, నేనెప్పుడూ ఒకే మెట్టు నుంచి ఎత్తుకునేవాణ్ణి, పిల్లలకి అదే అలవాటు. అది చెప్పినట్టు పాడితే చాలు.

నీ మావయ్య

*

బడి, పాటల గది
మొదటి వానలు

మావయ్యా,

‘ఉయ్యాల టీచరు’ అని రెండో రోజే పెట్టేశారు. నీ ఉత్తరం మూడో రోజు వచ్చింది.

గది బావుంది. మధ్యాహ్నం అద్దాల్లోంచి ఎండ పచ్చగా పడుతుంది, అందులో సుద్దపొడి ఈదుతుంటుంది. పిల్లలు బంగారం. సాయంత్రం ఏడో తరగతి వెళ్ళగానే వాళ్ళ అమ్మలొస్తారు, వాళ్ళ తర్వాత బస్సు డ్రైవర్లు, ఆసుపత్రి నర్సులు. ఊళ్ళో పాడని మనిషి లేడేమో. కూరగాయలమ్మాయి తూకం వేస్తూ కూడా రాగం తీస్తోంది. ఇదంతా నీ పనే అని అందరూ చెబుతున్నారు. గర్వంగా ఉంది, కొంచెం భయంగా కూడా ఉంది.

భయం ఎందుకంటే, నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఏడాది చివర అయిదు ఊళ్ళ బళ్ళు కలిసి పాడే సభ ఒకటి పెట్టారు, బ్యాండు కూడా ఉంటుంది. సంగీతం చూసే పెద్దాఫీసరు ఆ సభకి వస్తాడట. అక్కడ మన పిల్లలు ఎలా పాడతారో చూసి, ఈ బడికి పాటల టీచరు అక్కర్లేదనుకుంటే ఆ గదిలో కంప్యూటర్లు పెడతారట. హెడ్మిస్ట్రెస్సు, అదే మన హెడ్డమ్మ, రోజూ గుమ్మంలో నిలబడి ‘అమ్మాయ్, నీ మీదే ఆశ’ అంటుంది. అంత ఆశ మోయడానికి నా భుజాలు చాలట్లేదు.

మావయ్యా, ఊరికే అడుగుతున్నాను. ఆ హార్మోనియం ఎక్కడిది? ఎప్పుడైనా బాగుచేయించావా?

నీ కోడలు పిల్ల

*

రేవు ఊరు
ముసురు

కోడలు పిల్లా,

ఊరికే అడగటం నా తోడబుట్టిన మీ అమ్మకీ రాదు, నీకూ రాదు. అయినా చెప్తాను, కథ చెప్పమంటే కాదనే అలవాటు నాకు లేదు.

నేను బళ్ళో చేరింది చేతిరాత నేర్పడానికి. ఆ ఏడాది ఒక నాటకాల కంపెనీ మన ఊరొచ్చింది. రాజు వేషం వేసేవాడికి తల లేదు, అంటే కిరీటం పట్టే తల లేదు, ఎప్పుడూ ముక్కు మీదికి జారేది. జనం దానికే వచ్చేవారు. సరే, అది వేరే కథ. మధ్యలో వరదొచ్చింది. కంపెనీ ఒక రాత్రికి రాత్రే మూటాముల్లే సర్దేసింది. తడిసిన హార్మోనియం మోయలేక బడి వరండాలో వదిలేసి పోయారు. నెలరోజులు ఎండలో ఆరబెట్టాను. ఒకరోజు దాని కాలి తిత్తి తొక్కితే ‘ఆఁ’ అంది. పసిబిడ్డ మొదటిసారి పలికినట్టు ఉంది నాకు.

తర్వాత పాత పుస్తకాల బండి మీద సంగీతం పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీలు ఊడిపోయాయి. అందుకే పాట మధ్యలోంచి ఎలా నడపాలో నాకు బాగా తెలుసు, ఎలా మొదలెట్టాలో ఇప్పటికీ తెలీదు. మిగిలినదంతా ఆ పెట్టే నేర్పింది. అదే నా గురువు. గురువుని ఎవరైనా బాగుచేయిస్తారా?

ఇక్కడి విశేషం ఒకటి చెప్పాలి. గ్రంథాలయం మేడ మీద ఒక పాటల గుంపు కూడుతుంది, నేనూ చేరాను. నడిపేది రిటైరయిన పోస్టుమాస్టరమ్మ. చేతిలో సన్నటి కర్ర, దాంతో బల్ల మీద టకటకలాడిస్తూ ఉత్తరాలకి ముద్రలు కొట్టినట్టే తాళం వేస్తుంది. నా గొంతు విని నాకోసం ప్రత్యేకంగా ఒక చోటు ఆలోచిస్తున్నారు. ఒక్కణ్ణే ఒక చరణం పాడమంటారేమో. చూడాలి.

నిన్న కలలో మన బడి మెట్లెక్కుతున్నాను. మూడో మెట్టు దూదిలా కాలి కింద దిగిపోతోంది. భయం వెయ్యలేదు, హాయిగానే ఉంది.

మావయ్య

(పక్కన, వేరే చేతిరాతలో)
అమ్మడూ, మీ మావయ్య నిద్రపోతుంటే రాస్తున్నాను. ప్రత్యేకమైన చోటు నిజమే, వెనక వరసలో గోడ పక్కన. ‘గ’, అదే గాంధారం, వచ్చినప్పుడు పెదవులు కదిపితే చాలు, గొంతు ఇవ్వొద్దని పోస్టుమాస్టరమ్మ చెప్పింది. ఈయన పైకి నవ్వి ఇంటికొచ్చి అన్నం సగంలో వదిలేశారు. నువ్వేమీ ఎరగనట్టు ఉండు. — అత్తయ్య

*

బడి, పాటల గది
వానలు వెలిశాక

మావయ్యా,

ఏమీ ఎరగనట్టు ఉండటం నావల్ల కాలేదు. అత్తయ్యకి చెప్పు, తిట్టుకోవద్దని.

వచ్చిన మొదటి వారంలోనే నాకు వినబడింది. పిల్లలు స, రి బాగా పాడతారు. గ దగ్గరికొచ్చేసరికి వెంట్రుకవాసి కిందికి దిగుతారు. ఒకరో ఇద్దరో అయితే సరిదిద్దేదాన్ని. తరగతంతా అంతే. సాయంత్రం వాళ్ళ అమ్మలూ అంతే. డ్రైవర్లు, నర్సులు, తూకం వేస్తూ పాడే ఆ అమ్మాయి, ఉయ్యాల ఊపుతున్న ముసలమ్మ, అందరూ అదే చోట, అంతే కిందికి. మాటకి యాస ఉన్నట్టు ఈ ఊరి పాటకి ఒక యాస ఉంది. మొదట్లో నాకే చెవులు పాడయ్యాయేమో అనుకున్నాను.

పెట్టె విప్పాను మావయ్యా. తిట్టు, పడతాను. డ్రాయింగు మాస్టారు దీపం పట్టుకున్నారు. నువ్వెప్పుడూ ఎత్తుకునే మెట్టు నుంచి లెక్కపెడితే మూడో స్వరం రీడు, ఆ ఇత్తడి నాలుక, కొసన పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ వరద నాటిదే అయ్యుంటుంది. కొస బరువెక్కితే స్వరం కిందికి దిగుతుంది. కింద కాగితం పెట్టి, బ్లేడు అంచుతో మెల్లగా గీశాను. పచ్చటి పొడి చిటికెడు కూడా రాలేదు. తొక్కి చూస్తే గ తన చోట నిలబడింది.

మర్నాడు తరగతిలో వాయించాను. ముందు వరసలో రెండు జడల పిల్ల చెవులు మూసుకుంది. ‘టీచర్, పెట్టె పాడైపోయింది!’ సాయంత్రానికి ఊరంతా పాకింది, మాస్టారి పెట్టెని కొత్త టీచరు చెడగొట్టిందని. బస్సు డ్రైవరు నా మొహం మీదే, ‘ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మేడమ్’ అన్నాడు. హెడ్డమ్మ కూడా గ వాయించమని విని, ‘గుచ్చుకుంటోందమ్మాయ్’ అంది.

అంటే నీకూ అక్కడ ఇదే జరుగుతోంది కదూ? అక్కడివాళ్ళకి నువ్వు కిందికి, ఇక్కడివాళ్ళకి నేను పైకి. మనిద్దరం చెరో ఊళ్ళో ఒకే స్వరం దగ్గర దెబ్బలు తింటున్నాం.

సభ దగ్గర పడుతోంది. బ్యాండుతో కలిసి ఇలా పాడితే ఆఫీసరు మొదటి పాటకే లేచిపోతాడు. ఏం చెయ్యను?

నీ కోడలు పిల్ల

*

రేవు ఊరు

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ క్షేమం. నువ్వు కాలేజీలో చదువుకున్నదానివి. నాకు తెలిసింది ఒక తడిసిన పెట్టె, మొదలు లేని పుస్తకం. ఏది సరైనదో నీకే తెలుస్తుంది. చలి మొదలైంది.

మావయ్య

*

బడి, పాటల గది
చలి

మావయ్యా,

‘అమ్మాయికి’ అని రాశావు. నువ్వు కోపంగా రాసినా బాగుండేది. నువ్వెప్పుడైనా అంత పొట్టి ఉత్తరం రాశావా? చిరునామా కూడా దానికంటే పొడుగ్గా ఉంది.

పెట్టె ఎదురుగా కూర్చుని ఉన్నాను. పిల్లలు ఇళ్ళకెళ్ళిపోయారు. ఒక మాట చెప్పు చాలు. ఆ రీడు కొసన చుక్క మైనం పెడితే మళ్ళీ నీ గ వచ్చేస్తుంది. ఉద్యోగం పోతే పోతుంది, ఇంకో ఊరు, ఇంకో కుర్చీ. ఇన్ని గొంతులకి ప్రాణం పోసినవాణ్ణి తప్పని నిలబెట్టడానికి నేను రాలేదు.

లేదా నువ్వే రా. సభలో చివరి పాట నువ్వు నడిపించు.

కోడలు పిల్ల

*

రేవు ఊరు, మూడో అంతస్తు
మంచు పలచబడుతున్న రోజులు

కోడలు పిల్లా, బంగారూ,

ఆలస్యమైంది. అలిగాను. ఈ వయసులో అలిగితే మోకాళ్ళ నొప్పిలా త్వరగా వదలదు. మా వీధిలో ఒకాయన ముప్ఫై ఏళ్ళుగా తమ్ముడి మీద అలిగాడట. ఎందుకో మర్చిపోయి, గుర్తుచేయమని ఆ తమ్ముడికే కబురు పెట్టాడట. నేనంత దూరం పోలేదు.

నా అలక దించింది మీ అత్తయ్య. మొన్న పొద్దున గది నిండా మంచు. ఎదురుగా గోడ కూడా లేదు. ఆ తెల్లదనంలోంచి ఎవరో పాడుతున్నారు. మేడ మీద గుంపులో పాడే పాటే. గొంతు పల్చగా, నిటారుగా, ఆరేసిన తడిచీర గాలికి లేచినట్టుంది. పక్కింటివాళ్ళేమో అనుకున్నాను. మంచు కాస్త తప్పుకుంటే, కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతూ మీ అత్తయ్య.

‘నువ్వు పాడతావా?’ అన్నాను.

‘పాడతాను.’

‘ఎప్పట్నుంచి?’

‘పుట్టినప్పట్నుంచి. పోస్టుమాస్టరమ్మా నేనూ ఒకే బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాం.’

‘మరి ఇన్నేళ్ళు మన ఊళ్ళో ఒక్క కూనిరాగం కూడా తియ్యలేదే?’

దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది, పట్టుకోమని. ‘కాపురానికొచ్చిన కొత్తలో మీ పాటల గదికొచ్చి కూర్చున్నాను. అందరూ ఒకచోట కిందికి దిగారు. నేనొక్కదాన్నే పైన ఉండిపోయాను. మెట్ల మీద ఒంటరిగా నిలబెట్టినట్టుంది. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని, ఊరిని దిద్దుతానా? ఊరుకున్నాను.’

‘నాకైనా చెప్పొచ్చుగా!’

‘చెబితే మీరు పాడటం మానేసేవారు. మీరు పాడుతుంటే నాకు బావుండేది.’

‘తప్పు పాడుతున్నా?’

‘గ ఒక్కటే కదండీ. మిగిలిన ఆరూ బాగానే ఉండేవి.’

దుప్పటికి అటు కొస ఆమె, ఇటు కొస నేను. ఇద్దరం కలిసి మడత పెట్టాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేను చెట్టునే చూడలేదు. ఊరంతటినీ పాడించానని మురిసిపోయాను, ఒక్క మనిషి పాడలేదని ఈ చెవులకి తెలియనే లేదు.

అందుకని చెబుతున్నాను, విను. మైనం పెట్టకు. ఇంకెవరూ నా పెట్టె మూలంగా నోరు మూసుకుని కూర్చోకూడదు. గ తన చోట ఉండనీ.

పిల్లలకి నేర్పేటప్పుడు ‘తప్పు’ అనే మాట వాడకు. ఆ మాట వింటే గొంతు ముడుచుకుంటుంది. పెట్టె మూసెయ్యి. నువ్వు స పట్టుకో, వాళ్ళని కళ్ళు మూసుకుని వినమను. రి దాకా రమ్మను. అక్కడ ఆగమను. కాసేపు గ ఎక్కడుందో వెతకమను, చీకట్లో దీపం మీట కోసం గోడ తడిమినట్టు. దొరికినవాళ్ళని చెయ్యెత్తమను. పిల్లల చెవులు లేతవి, కొద్ది వారాల్లో తిరుగుతాయి. నేనూ ఇక్కడ అదే చేస్తున్నాను, మీ అత్తయ్య స పడితే. నా చేతికి గోడ తగులుతోంది, మీట ఇంకా తగల్లేదు.

ఇక నేను సభకి రాను. అలిగి కాదు. ఆ పిల్లలకి నా మొహం చూస్తూ పాడటం అలవాటు. గ దగ్గర నా కనుబొమలు కిందికి దిగుతాయట, మీ అత్తయ్య చెప్పింది. నేనక్కడుంటే వాళ్ళూ నాతో దిగిపోతారు, వాళ్ళతో నీ ఉద్యోగమూ దిగిపోతుంది. నువ్వు నడిపించు. నీ చెయ్యి చూడనీ వాళ్ళని.

మావయ్య

*

బడి, పాటల గది
సభ అయిన మర్నాడు

మావయ్యా,

నువ్వు ఎదురుచూస్తుంటావు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఉద్యోగం ఉంది. పాటల గదీ ఉంది. ఇప్పుడు కూర్చుని నిదానంగా చదువు.

నువ్వు చెప్పినట్టే నేర్పాను. మొదట గ దొరికి చెయ్యెత్తింది ఎవరనుకున్నావు? చెవులు మూసుకున్న ఆ రెండు జడల పిల్లే. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే. ఒకరోజు కళ్ళు తెరిస్తే గదంతా చేతులే.

సభలో మొదటి పాటలన్నీ సాఫీగా సాగిపోయాయి. బ్యాండు గ మీద మన పిల్లల గ కూర్చుంటే నాకు ఊపిరి తిరిగొచ్చింది. వేరే ఊళ్ళ బళ్ళు పాడినప్పుడు వాళ్ళ తల్లిదండ్రులు చప్పట్లు కొట్టి కూర్చున్నారు. నేను మర్చిపోయింది అక్కడే. మన ఊరివాళ్ళకి వినడం రాదు కదా మావయ్యా! నువ్వు పెట్టిన ప్రతి సభలోనూ వాళ్ళూ పాడేవారే. చివరి పాట పల్లవి రెండోసారి రాగానే కుర్చీల్లోంచి మొత్తం ఊరు అందుకుంది. ఎవరి గ వాళ్ళదే. వేదిక మీద పిల్లలు పైన, కింద వాళ్ళ అమ్మానాన్నలు వెంట్రుకవాసి కింద.

నా చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. పిల్లలు తల్లుల వైపు చూస్తున్నారు. దిగిపోతారనుకున్నాను. నా చేతిని చూసి నిలబడ్డారు. తల్లులూ దిగినచోటే నిలబడ్డారు. ఆ రెండు గ-ల మధ్య ఏదో వణికింది మావయ్యా. ఎండలో నీటి మీద వెలుగు కదులుతుందే, అలాగ. హాలు పైకప్పు దాకా కదిలింది. బూర ఊదే అతను పెదవుల మీంచి బూర తీసి వింటూ కూర్చున్నాడు. ఎంతసేపో చెప్పలేను. అంతసేపూ నాకు ఉద్యోగం సంగతి గుర్తు లేదు.

అయిపోయాక ఆఫీసరు నా దగ్గరికొచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ‘ఊరంతటినీ రెండు గొంతులుగా విడగొట్టి, అంత దగ్గర దగ్గరగా నడపడం ఎవరు నేర్పారమ్మా? దీనికి చాలా ఏళ్ళు పట్టి ఉండాలే’ అన్నాడు. నేను నిజం చెప్పబోయాను. హెడ్డమ్మ నా కాలు తొక్కింది. ఇంకా వాచే ఉంది.

‘మా మావయ్య మొదలెట్టాడండీ, చాలా ఏళ్ళే పట్టింది’ అన్నాను. అందులో అబద్ధం ఎక్కడుందో నువ్వే చెప్పు.

అమ్మల గుంపు రేపు సాయంత్రం వస్తోంది. వాళ్ళ గ కూడా మార్చాలా, అలాగే ఉంచాలా?

నీ కోడలు పిల్ల

*

రేవు ఊరు, మూడో అంతస్తు
ఎండ వచ్చింది, సముద్రం కనబడుతోంది

కోడలు పిల్లా,

అమ్మల సంగతి అమ్మలనే అడుగు. పైకి రావాలని ఉన్నవాళ్ళు వాళ్ళ పిల్లల్ని అడిగి నేర్చుకుంటారు. లేనివాళ్ళు కింద ఉంటారు. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టు, అంతే నీ పని. ఈ మాట చెప్పడానికి నాకు ఇంత వయసు రావలసి వచ్చింది.

నీ ఉత్తరం గ్రంథాలయం మేడ మీదికి, పాటల గుంపు దగ్గరికి పట్టుకెళ్ళాను; ఇప్పుడు మీ అత్తయ్య కూడా వస్తోంది. చదివి వినిపించమంటే హెడ్డమ్మ కాలు తొక్కిన చోట రెండుసార్లు చదివాను, నవ్వారని. పోస్టుమాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. కర్ర పక్కన పెట్టి, ‘ఆ వణుకు నేనూ వినాలి మాస్టారూ. సగం మందికి మీ కింది గ నేర్పండి’ అంది. ఈ ఊళ్ళో నన్ను మాస్టారూ అనడం అదే మొదలు.

నేర్పబోయాను. చదువుకున్న గొంతులు, చక్కటి చెవులు, ఏం లాభం? ఒకాయన దిగమంటే ఏకంగా రి మీద పడ్డాడు. ఒకావిడ దిగినట్టే దిగి మళ్ళీ పైకి పాకింది, నీళ్ళలో కాలు పెట్టిన పిల్లిలాగ. ‘ఇదేం స్వరమండీ, పట్టుకోడానికి అంచు లేదు’ అన్నారు. నిజమే. అది పుస్తకాల్లో లేదు. ఒక వరద వచ్చి, ఒక పెట్టె తడిసి, అందులోంచి ఒక ఊరు పుడితే గానీ దొరకదు. నేను పాడి చూపిద్దామంటే, మీ అత్తయ్య దగ్గర శిక్షణ వల్ల ఇప్పుడు నా గ అటూ కాదు, ఇటూ కాదు. రెండు ఊళ్ళ మధ్య బస్సు తప్పిపోయినవాడిలా ఉంది.

‘పోనీలెండి, రాదు’ అని పోస్టుమాస్టరమ్మ కర్ర తీసుకోబోతుంటే వెనక వరసలోంచి వచ్చింది. స, రి, ఆ తర్వాత మెత్తగా, తడబాటు లేకుండా, వెంట్రుకవాసి కింద, గ. అచ్చంగా మన ఊరిది. కూరగాయల తూకం దగ్గరిది, ఉయ్యాల దగ్గరిది, మన పెట్టెది. తిరిగి చూశాను. మీ అత్తయ్య. కళ్ళు కిటికీలోంచి సముద్రం మీద ఉన్నాయి. ఒక్కరోజు కూడా పాడని స్వరం, ఇన్నేళ్ళు వినీ వినీ అంత భద్రంగా దాచుకుంది.

పోస్టుమాస్టరమ్మ బల్ల మీద కర్రతో తట్టింది. ‘ఊఁ, పై గ అందుకోండి మాస్టారూ, మీ వంతు.’

ఈ పూటకి నన్ను వదిలెయ్యమన్నాను. వింటున్నాను అన్నాను.

మావయ్య